అత్తయ్య గ్లాసులో తెచ్చిన కన్ను

ఏమండీ,

మీకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారని అనుకుందామంటే, పోయిన ఉత్తరం చివర్లో మీరు నవ్వులాటగా రాసిన ఒక మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. దాని దగ్గరికి మెల్లగా వస్తాను. ఏదీ సూటిగా చెప్పడం నాకు రాదని మీకు తెలుసుగా.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు నయం. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం ఆ మెట్లు కట్టినవాణ్ణి తిడుతున్నారు. వంటింటి కుళాయి బాగుచేయించాం. ఇప్పుడు కారడం లేదు, దానికి బదులు ఈల వేస్తోంది. కుట్టుపని చేతినిండా ఉంది. పై వాటాలో కొత్తగా దిగిన టీచరమ్మ కర్టెన్లన్నీ నాకే ఇచ్చింది. ఇక, పోయినసారి నా ఉత్తరంలో వరసలన్నీ వాలిపోయి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయని, "బస్సులో కూర్చుని రాశావా?" అని అడిగారు. బస్సులో కాదండీ. ఒక కన్ను మూసుకుని రాశాను.

కంగారు పడకండి. ఇది రెండూ తెరిచే రాస్తున్నాను. వరసలు ఎంత తిన్నగా ఉన్నాయో చూడండి.

నా రెప్పలు వాలి ఉంటాయని పెళ్లయిన కొత్తలో మీరు నాకు నిద్రగన్నేరు అని పేరు పెట్టారు. మీరు అంటే ముద్దుగానే ఉండేది. కానీ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు "ఏమ్మా, కూర్చునే నిద్రపోతావా?" అని నవ్వితే తల దించుకునేదాన్ని. మీరు పనికని ఊరు వదిలి బయల్దేరిన రోజు స్టేషన్లోనూ తలెత్తలేదు. సగం సిగ్గు, సగం రెప్పలు. రైలు కదిలాక ఎత్తి చూస్తే, కిటికీలోంచి ఊపుతున్న మీ చెయ్యి ఒక్కటే కనిపించింది. ఆ రోజే అనుకున్నాను, మీరు తిరిగొచ్చేలోగా ఈ రెప్పలు ఎత్తించుకోవాలని. డాక్టరుగారు చూసి, "చూపుకి అడ్డమేమీ లేదమ్మా, చేయించుకుంటే అందం కోసమే" అన్నారు. ఆ మాటకి నాకు సిగ్గు ముంచుకొచ్చి మీకు రాయలేకపోయాను. అత్తయ్యకి చెబితే, "చేయించుకోవే. వాడికి మాత్రం చెప్పకు, వట్టి పిరికివాడు" అన్నారు.

రెప్పలకే మత్తు ఇచ్చి, నన్ను మెలకువగా ఉంచే ఆపరేషన్ చేశారు. కనుగుడ్డుకి ఏమీ తగలకుండా చిన్న చిప్పలాంటిది కంట్లో పెట్టారు. మధ్యలో ఎడమ కంట్లో అది పక్కకి జరిగినట్టు అనిపించింది. "ఏదైనా తేడాగా ఉంటే చెప్పమ్మా" అని డాక్టరుగారు అడుగుతూనే ఉన్నారు. అంతమంది నా చుట్టూ నిలబడి పనిచేస్తుంటే నేనేం నోరు తెరుస్తాను? "బాగానే ఉందండీ" అన్నాను.

ఇంటికొచ్చి మత్తు దిగాక తెలిసింది. రెప్ప వేస్తే ఇసుక, తీస్తే ఇసుక. దీపం వైపు చూడలేను. అయినా అత్తయ్యని లేపలేదు. పొద్దున్నే అత్తయ్య పక్క దులుపుతూ నా దిండు తడిమి చూశారు.

"ఏంటే ఈ తడి? వాడి మీద బెంగా?"

"కాదత్తయ్యా. కంట్లో ఇసుక పోసినట్టుంది."

"మరి చెప్పవేం? నోట్లో కూడా పోశారా?"

చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లారు. కంట్లో పసుప్పచ్చ చుక్క వేసి నీలం దీపంతో చూస్తే, గీత ఉన్నచోట ఆకుపచ్చగా మెరిసిందట. "నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఉంటుంది. చిప్ప జరిగి అది గీసుకుపోయింది. జరిగింది మా చేతుల్లోనమ్మా, నయం చేసే పూచీ కూడా మాదే" అన్నారు డాక్టరుగారు. పైపైన గీసుకుంటే తొందరగానే మానుతుందట. చీము పట్టిందా, మచ్చ మిగిలిపోయి చూపు మసకబారుతుందట. చుక్కల మందూ, పడుకునే ముందు పెట్టుకోవడానికి పూతమందూ ఇచ్చారు. రెప్ప రాసుకోకుండా కంట్లో ఏదో వేసి, అత్తయ్య మందులకి వెళ్లినప్పుడు దాని గురించి నాకు చాలాసేపు చెప్పారు. నేను తల ఊపాను. అర్థం కాకపోయినా ఊపుతానని మీకు తెలుసుగా.

మర్నాడు లేచేసరికి దిండు మీద పడుంది. గుండ్రంగా, పల్చగా, అచ్చం గాజుపొర! అత్తయ్య గుండెలు బాదుకున్నారు. "అయ్యో, పొర మొత్తం ఊడొచ్చేసిందే తల్లీ!" అంటూ స్టీలు గ్లాసులో నీళ్లు పట్టి, దాన్ని అందులో వేసి, పైన అరచెయ్యి మూసి బస్సెక్కారు. మోకాలి నొప్పి ఏమైపోయిందో తెలియదు.

"నెమ్మదిగా తోలు నాయనా, ఇందులో మా కోడలి కన్నుంది!"

బస్సులో సగం మంది లేచి మాకు చోటిచ్చారు. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది కానీ, అప్పుడు రాలేదండీ. మంచి కన్ను మూసి చూస్తే, పక్కనే ఉన్న అత్తయ్య ముఖం మంచులో ఉన్నట్టుంది. మీరు దిగి ఎదురుగా నిలబడినా నాకు ఇంతేనా అనుకున్నాను.

డాక్టరుగారు గ్లాసులోకి తొంగి చూసి పెదవి కొరుక్కున్నారు. "ఇది కన్ను కాదమ్మా. కంటికి వేసిన కట్టు. లెన్సు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?" అని అత్తయ్య గయ్యిమన్నారు.

"మీ కోడలికి చెప్పానండీ."

ఇద్దరూ నావైపు తిరిగారు. "నాకు అర్థం కాలేదండీ" అన్నాను. పరాయివాళ్ల ముందు ఆ మాట అనడం నాకు అదే మొదలు. ఆయన కోప్పడలేదు. కాగితం మీద కన్ను బొమ్మ గీసి మొదట్నుంచీ చెప్పారు. ధైర్యమొచ్చి, రెప్ప వేసినప్పుడల్లా ఒక్కచోటే గుచ్చుకుంటోందని కూడా చెప్పేశాను. రెప్ప తిప్పి చూస్తే లోపల కుట్టు కొస ఒకటి పొడుచుకొచ్చి ఉంది. తీసేశారు. పాత లెన్సే కడిగి పెట్టమని అత్తయ్య బేరం. కుళాయి నీళ్లలో పడ్డది పనికిరాదని కొత్తది వేశారు.

ఇప్పుడు మానింది. పసుప్పచ్చ చుక్క వేస్తే ఎక్కడా మెరవలేదు. గోడ మీది అక్షరాల అట్టలో అడుగు వరస కూడా ఎడమ కంటితో చదివేశాను. ఆ గ్లాసులో మాత్రం అత్తయ్య ఎవర్నీ నీళ్లు తాగనివ్వడం లేదు.

ఇక మీ మాట. "వెల్డింగ్ పని దిగాక కళ్లలో ఎవరో ఇసుక పోసినట్టుంటుంది, నువ్వు లేవుగా ఊదడానికి" అని రాశారు. ఆ ఒక్క మాట లేకపోతే ఇదంతా దాచేసేదాన్నే. ఆ ఇసుక ఏమిటో నాకు తెలుసండీ. డాక్టరుగారిని అడిగాను, నేనే నోరు తెరిచి అడిగాను. ఆ నిప్పు వెలుగు కూడా అదే పొరని కాలుస్తుందట. ముఖానికి నల్లద్దం దించుకోకుండా పని చేస్తున్నారు కదూ? మేస్త్రీ అడిగితే "బాగానే ఉంది" అంటున్నారు కదూ? ఈ ఉత్తరం మడవగానే వెళ్లి కళ్లు చూపించుకోండి. వాళ్లు చెప్పింది అర్థం కాకపోతే తల ఊపకండి, మళ్లీ అడగండి.

నా ఫోటో ఇందులోనే పెట్టాను. రెప్పలు ఇంకా కాస్త వాచి, ఎడమది పిసరంత పైకి ఉంది. నవ్వకండి. ఈసారి స్టేషన్లో తలెత్తుకునే నిలబడతాను. మీ రెండు కళ్లూ భద్రంగా తెచ్చుకోండి. ఒకరినొకరు చూసుకోవాలంటే నాలుగూ కావాలి.

ఇట్లు,
మీ ఇల్లాలు,
మెలకువగా ఉన్న నిద్రగన్నేరు