మెత్తటి బ్రష్

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇర్ఫాన్ ఈ రోజు షాపు తెరిచాడు. బైపాస్ మీద, పెట్రోల్ బంకు దాటగానే. బోర్డు మీద ‘కార్ స్పా’ అని రాయించాడు. వనపర్తిలో కార్లకు స్పా! నా బోర్డు మీద ‘సాబిర్ వాటర్ వాష్’ అని ఉంటుంది. లోపల జరిగేదే బయట రాసుకున్నాను.

అమ్మీ పొద్దున్నే కొత్త చీర కట్టుకుని వెళ్లి ఫాతెహా ప్రార్థన చదివించింది, మిఠాయి పంచింది. నా షాపు తెరిచిన రోజు మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే పడుకుంది. ఆ చీర కూడా ఇర్ఫాన్ తెచ్చిందే. అమ్మీ పుట్టిల్లు గద్వాల. చిన్నప్పుడు నేతగాళ్ల ఇళ్లలో కండెలు చుట్టింది. ఇప్పటికీ ఎవరు చీర తెచ్చినా అంచులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వాసన చూడందే నమ్మదు. ఇర్ఫాన్ చీర పోగు కాలితే వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అసలు పట్టు బిడ్డా అని మురిసిపోయింది. పోయిన రంజాన్‌కు నేను తెచ్చిన చీర పోగు నల్లటి పూసలా ముద్ద కట్టింది. గిది ప్లాస్టిక్ దారం, నిన్ను మోసం జేసిండ్రు కొడుకా అంది. ఆ చీర ఇప్పటికీ మడత విప్పలేదు.

ఇర్ఫాన్ మా పిన్ని కొడుకు. పిన్ని పోయాక మా ఇంట్లోనే నాతో పెరిగాడు. హైదరాబాద్‌లో పని నేర్చుకుని వచ్చాడు, ఇప్పుడు వేరే గదిలో ఉంటున్నాడు. సంతోషమే. నాగర్‌కర్నూల్‌లో పెట్టుకోవచ్చుగా? అచ్చంపేటలో పెట్టుకోవచ్చుగా?

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. కుళ్లుగా ఉంది.

ఫిబ్రవరి 13, గురువారం

రాఘవేందర్ సార్ కారు కడిగాను. కాలేజీలో లెక్చరర్, నా దగ్గరికి మొదటి నుంచీ వస్తున్న మనిషి. కొత్త కారు, నల్లటి అలాయ్ వీల్స్. ఎప్పటిలాగే నేల రుద్దే బ్రష్‌తో చక్రాలు గట్టిగా రుద్దాను. ఆరిన తర్వాత ఎండలో చూస్తే చక్రం నిండా సన్నని గీతలు. సార్ కూర్చుని వేలితో తడిమి చూశాడు. గివి వెనకటి ఇనుప చక్రాలు గావు సాబిర్, నీకు తెల్వకపోతే అడగాలె గదా అన్నాడు. కోప్పడినా బాగుండేది.

ఫిబ్రవరి 14

రాఘవేందర్ సార్ కారు ఇర్ఫాన్ షాపు ముందు ఉంది.

ఫిబ్రవరి 15, శనివారం

బ్రష్‌ల కోసం బజారంతా తిరిగాను. బట్టల బ్రష్ గట్టి. సీసాలు కడిగే బ్రష్ మెత్తగానే ఉంది కానీ, కొసన తీగ బయటికి పొడుచుకొచ్చింది. అది చాలు గీత పడటానికి. పెయింట్ బ్రష్‌కు రేకు పట్టీ. దేన్నైనా చెంపకు రుద్దుకుని చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు. చెంపకు గుచ్చుకున్నది చక్రానికి మాత్రం గుచ్చుకోదా? నా వరస చూసి కొట్టు చెన్నయ్య నవ్వాడు. గడ్డం గీసుకునేదాన్కా భాయ్ అని అడిగాడు. ఏమీ కొనకుండా వచ్చేశాను.

ఫిబ్రవరి 17, సోమవారం, మధ్యాహ్నం

ఇర్ఫాన్ షాపుకు వెళ్లాను. అటు పని మీద పోతూ ఆగినట్టు ఆగాను.

రా భాయ్, కూసో అని కుర్చీ తుడిచి వేశాడు. అడగకముందే అన్నీ చూపించాడు. గీ పొడుగుది చక్రం లోపలికి, గీ వెడల్పుది ముందర భాగానికి, గీ చిన్నది బోల్టులకు అన్నాడు. బ్రేకుల దుమ్ముల ఇనుప రజను ఉంటది, గందుకే చక్రాలకు బకెట్ వేరే పెట్టిన, ఈ బ్రష్ బాడీకి తాకనియ్య అన్నాడు. నా దగ్గర అన్నిటికీ ఒకటే బకెట్. చెప్పలేదు.

ఆ వెడల్పు బ్రష్ ఉంది చూడు, నల్లటి కుచ్చు, మేకపిల్ల ఒళ్లంత మెత్తన. ఎక్కడా ఇనుము కనిపించదు. ఇర్ఫాన్ చాయ్ తేవడానికి వెళ్లగానే ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

అప్పుడే బల్ల మీద టిఫిన్ డబ్బా కనిపించింది. మూత మీద సొట్ట ఉంది. మా ఇంటి డబ్బా! తెరిచి చూశాను. జొన్నరొట్టెలు. నాకూ పొద్దున అమ్మీ అవే కట్టింది. వీడి రొట్టెల మీద మాత్రం నెయ్యి రాసింది.

చాయ్ తాగకుండా వచ్చేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఫోటో చూసి ఆన్‌లైన్‌లో వెతికి తెప్పించిన బ్రష్ వచ్చింది. అచ్చం అదే. నల్లటి కుచ్చు, చెక్క పిడి. ముందు ఈ చెంపకు, తర్వాత ఆ చెంపకు రుద్దుకున్నాను. హాయిగా ఉంది. కాసేపు అలాగే కూర్చున్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ట్యాక్సీ హన్మంతు కారు చక్రాలు చేశాను. ఒక్క గీత లేదు. ఏంది సాబిర్ భాయ్, అద్దం లెక్క జేసినవ్, గీ బండ్లె ఇయ్యాల సోమశిల పోతే కృష్ణ నీళ్లల మొఖం జూసుకునే పని లేదు అన్నాడు. ఆ మాట ఇంటికి మోసుకెళ్లి అమ్మీకి చెప్పాను. సంతోషపడింది. పడి, ఇర్ఫాన్ నేర్పిండా అని అడిగింది.

కంచం పక్కకు జరిపి లేచాను.

మార్చి 4, మంగళవారం, పన్నెండు గంటలకు

రంజాన్ మూడో రోజా, పొద్దున్నుంచీ ఉపవాసం. గిరాకీ లేదు. షాపు ఊడుస్తుంటే బ్రష్ వచ్చిన అట్టపెట్టె దొరికింది. అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. బోర్ హెయిర్. అర్థం కాక ఫోన్‌లో కొట్టాను. అడవిపంది బొమ్మ వచ్చింది.

యా అల్లా. రెండు చెంపలూ!

అదే రోజు, ఒంటిగంటకు

నీళ్ల పైపు కింద తల పెట్టి సబ్బు అయిపోయేదాకా కడుక్కున్నాను. బ్రష్‌ను కవర్లో కట్టి బయట మేకుకు తగిలించాను.

ఆ తర్వాత మెల్లగా ఒక సంగతి తట్టింది. ఇర్ఫాన్ దగ్గర ఉన్నదీ ఇదే బ్రష్. రోజంతా దాన్ని పట్టుకుని, అవే చేతులతో మా ఇంటికొచ్చి అమ్మీ చేతులు పట్టుకుంటున్నాడు. ఇది తెలిస్తే ఆమె వాడిని గడప తొక్కనివ్వదు. నెయ్యి రొట్టెలు బంద్.

ఇన్నాళ్లకు కడుపు చల్లబడింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ చల్లబడింది.

మార్చి 7, శుక్రవారం, రాత్రి

రోజాలో ఉండి ఒకరి మీద చాడీలు చెప్పకూడదని నాకు తెలుసు. అందుకే ఇఫ్తార్ అయ్యేదాకా ఆగాను.

ఇర్ఫాన్ రోజూ ఇఫ్తార్‌కు మా ఇంటికే వస్తాడు. అమ్మీ మెత్తటి ఖర్జూరాలు ఏరి వాడి ముందు పెట్టింది. వాడు నీళ్లు తాగాడు, ఖర్జూరం తిన్నాడు, నమాజు చేసుకున్నాం. వచ్చి కూర్చోగానే చెప్పేశాను. ఇర్ఫాన్ బ్రష్ పంది వెంట్రుకలది, గిదిగో సాక్ష్యం అని అట్టపెట్టె చాప మీద పెట్టాను.

అమ్మీ చేయి వాడి భుజం మీద ఉంది. తీసేసింది.

ఇర్ఫాన్ కోపంతో లేస్తాడనుకున్నాను. లేవలేదు. వాడి ముఖం పాలిపోయింది. చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. నాకు తెల్వదు ఖాలా, అల్లా కసం, దుకాణంల ఇచ్చిండ్రు, నేను తెచ్చుకున్న అన్నాడు. పిన్ని పోయిన రోజు మా వాకిట్లో నిలబడ్డప్పుడూ ఇలాగే ఉన్నాడు. నేను కోరుకున్నది సరిగ్గా జరుగుతోంది. అయినా అట్టపెట్టె వెనక్కి లాక్కోవాలనిపించింది.

అమ్మీ అట్టపెట్టెను అటూ ఇటూ తిప్పింది. గిది నీకెక్కడిది అని నన్ను అడిగింది.

ఆ ప్రశ్నకు నేను జవాబు ముందే సిద్ధం చేసుకోలేదు. అది వస్తుందని ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. చివరికి, నేను కూడా ఒకటి తెప్పించిన అన్నాను.

రెండూ తేండ్రి, బయటనే పెట్టుండ్రి అంది. ఇర్ఫాన్ తన బండి డిక్కీలోంచి తెచ్చాడు. నేను షాపుకెళ్లి మేకు మీద కవర్ తెచ్చాను. వాకిట్లో రెండూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. అమ్మీ చీర పోగు లాగినట్టే పట్టకారుతో ఇర్ఫాన్ బ్రష్ నుంచి ఒక పోచ లాగి అగ్గిపుల్ల గీసింది. పోచ ముడుచుకుని నల్లటి పూస కట్టింది. ప్లాస్టిక్ వాసన.

తర్వాత నాది కాల్చింది. వాకిలంతా వెంట్రుక కాలిన వాసన.

ఇర్ఫాన్ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఏడ్చాడో నవ్వాడో చీకట్లో కనిపించలేదు. అమ్మీ మాత్రం నన్నే చూస్తోంది. ఎప్పటిసంది వాడుతున్నవ్ అంది. చెప్పాను. యాడ యాడ తాకింది అంది. చేతులన్నాను. ఆగి, చెంపలు కూడా అన్నాను. చెంపలకేం పని రా అంది. మెత్తగా ఉన్నదా లేదా అని చూసిన అన్నాను.

తౌబా, తౌబా అంటూ బకెట్ తెచ్చింది. మగ్గుతో తనే నీళ్లు పోసింది. తనే సబ్బు తీసుకుని చేతులు, మోచేతులు, రెండు చెంపలు, చెవుల వెనక కూడా రుద్దింది. తిడుతూనే రుద్దింది. పక్కోడి రొట్టె జూసి నీ కడుపు మండుతదేంది రా, నీకు చిన్నప్పటిసంది గిదే బుద్ధి అంది. రొట్టె అంది. నేను డబ్బా తెరిచిన సంగతి ఆమెకు ఎలా తెలుసో.

సబ్బు కళ్లలో పడి మండుతోంది. అయినా కదల్లేదు. చిన్నప్పుడు ఎప్పుడో ఇలా కడిగింది. ఇర్ఫాన్ గోడ దగ్గర నుంచి చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను.

మార్చి 11, మంగళవారం

పొద్దున షాపుకొస్తే షట్టర్‌కు ఒక కవర్ వేలాడుతోంది. లోపల కొత్త బ్రష్. నల్లటి కుచ్చు, చెక్క పిడి. చీటీ ఏమీ లేదు. ఇర్ఫాన్ తప్ప ఇంకెవరు పెడతారు?

ఒక పోచ లాగి కాల్చి చూశాను. పూస కట్టింది.

ఇక అమ్మీ బకెట్ తేవాల్సిన పని లేదు. కొంచెం నిరాశగా అనిపించింది.