ఒకే నంబరుతో రెండు బ్యాగులు

స్కాందిచ్చి, మార్చి 4

ప్రియమైన ఇలారియాకు,

మూడుసార్లు అడిగావు. మీ అమ్మ హ్యాండ్‌బ్యాగు ఈ రోజు పార్సిల్లో పంపాను.

మీ అమ్మ పనిచేసిన తర్వాంతి సంస్థకు వందేళ్లు నిండుతున్నాయనీ, పాతికేళ్లు పనిచేసినవాళ్లకు బహుమతిగా ఇచ్చిన బ్యాగులను వాళ్ల పేర్లతో ప్రదర్శనలో పెడతారనీ రాశావు. మొదట్లో అది గుర్రాల జీనులు కుట్టే కొట్టు. ఇప్పుడు వాళ్ల పాత బ్యాగుకు కొత్తదానికంటే ఎక్కువ ధర పలుకుతోందట. మీ అమ్మ వింటే నవ్వేది.

ఆమె పోయి పదకొండు నెలలు. ప్రదర్శనలో పెట్టకపోయినా పర్వాలేదు.

ఆశీస్సులతో,
నాన్న


మిలన్, మార్చి 15

ప్రియమైన నాన్నకు,

ఫోను ఎత్తడం లేదు, అందుకే ఉత్తరం.

మా దుకాణానికి వచ్చే పాత బ్యాగుల్లో ఏది అసలుదో, ఏది నకిలీదో తేల్చేది నేనే కదా. అమ్మది కూడా నేనే చూశాను. లోపలి నంబరు తర్వాంతి రిజిస్టరులో అమ్మ పేరు మీదే ఉంది. కానీ అదే నంబరుతో ఇంకో బ్యాగు పోయినేడు ఒసాకాలో అమ్ముడైంది. ఫోటోలు తెప్పించాను. అసలుది అదే. మనది నకిలీ. దీని పక్కలు తోలులో పొట్ట భాగం నుంచి కోసినవి, సాగిపోయాయి. తర్వాంతి వాళ్లు వీపు భాగమే వాడతారు.

కానీ పిడి మీద కుట్టు అమ్మదే. చివర్లో దారం రెండుసార్లు వెనక్కి దాటించడం ఆమె అలవాటు.

అమ్మే అసలుది అమ్ముకుని ఇది కుట్టుకుందా? పనిచోటు నుంచి దారప్పోగు కూడా తేకూడదని నాకు నేర్పిన అమ్మ? నీకేమైనా తెలుసా?

ప్రేమతో,
ఇలారియా


స్కాందిచ్చి, మార్చి 20

ఇలారియా,

పోయిన మనిషిని అడగలేం. ఆమె పేరు తీసేయమని తర్వాంతి వాళ్లకు చెప్పు. బ్యాగు వెనక్కి పంపు.

నాన్న


మిలన్, ఏప్రిల్ 2

ప్రియమైన నాన్నకు,

పేరు తీసేయమని రాశాను. కారణం అడిగారు. "నకిలీ" అని రాయాల్సి వచ్చింది.

అమ్మ పక్క బల్ల దగ్గర ముప్పై ఏళ్లు కుట్టిన మఫాల్దా పిన్నికి ఫోను చేసి, "మా అమ్మ దొంగపని చేసింది పిన్నీ" అన్నాను.

"నోరు ముయ్యవే! ఆ మాట ఇంకోసారి అన్నావంటే మిలన్ వచ్చి మరీ చెంప పగలగొడతా. ముందు మీ నాన్నను అడుగు" అంది.

అడుగుతున్నాను నాన్నా.

ఇలారియా


స్కాందిచ్చి, ఏప్రిల్ 9

ప్రియమైన ఇలారియాకు,

ఆ బ్యాగు చేసింది నేను.

తొంభై నాలుగులో, తోలు వృథా చేస్తున్నానని తర్వాంతిలో కోత పని నుంచి నన్ను తీసేశారు. అదే నెలలో మీ అమ్మకు సన్మానం, బ్యాగు. ఇంట్లో చెప్పలేకపోయాను. కోత షెడ్డు వేరే ఊళ్లో ఉండేది, అందుకే మీ అమ్మకు తెలియదనుకున్నాను. రోజూ భోజనం డబ్బా పట్టుకెళ్లి నది ఒడ్డున కూర్చునేవాణ్ణి. బ్యాగును ఒక జపాను యాత్రికురాలికి అమ్మి, ఆ డబ్బును మూడు నెలలు జీతమని ఇచ్చాను. అవసరం సగమే. మిగతా సగం అసూయ.

ఇంట్లో మిగిలిన ముక్కలతో నకలు చేసి పెట్టెలో పెట్టాను. నంబరు కూడా నేనే అచ్చువేశాను. పిడి కూడా నేనే కుట్టాను, వంకరగా. దాని మీద ఆమె కుట్టు ఉందని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నా కుట్టు విప్పి, మళ్లీ కుట్టిందన్నమాట. నన్నేమీ అనలేదు. ప్రతి ఆదివారం చర్చికి అదే పట్టుకెళ్లింది.

పోయిన ఉత్తరంలో తప్పు ఆమె మీద పడనిచ్చాను. అది మొదటి తప్పుకంటే పెద్దది.

నిన్న బార్‌లో పాత పనివాళ్లు పేకాటకు చేరినప్పుడు వెళ్లి, నిలబడి చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మొదటి ఆదివారమే చూశామయ్యా ఒత్తావియో," అంది మఫాల్దా. "'ఏమే జైరా, నీ బ్యాగు పొట్ట జారిందేంటే?' అని ఏడిపించాను కూడా. 'నా మొగుడికీ జారింది, వదిలేశానా?' అంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. మఫాల్దా మళ్లీ అందుకుంది.

"నిన్ను నిలదీస్తానంటే వద్దంది. 'ఆయనే చెప్తాడు, ఆగు' అంది."

జరిగింది రాసి, నా సంతకంతో తర్వాంతికి పంపాను. బ్యాగు లేకపోయినా ఆమె పేరు పెట్టమని అడిగాను.

ఆసుపత్రిలో చివరి వారం ఆమె రోజూ, "నాకు చెప్పాల్సిందేమైనా ఉందా?" అని అడిగేది. నేను మందుల గురించి చెప్పేవాణ్ణి.

మీ నాన్న,
ఒత్తావియో