ఈ చలికాలం ఇక్కడే

కెర్‌మోర్, ఆగస్టు ఆఖరు

మిరేయ్ తల్లీ, భయపడకు, నాన్నగారికి ప్రాణభయం లేదు. ఆల్చిప్పలు ఏరుతూ రాళ్ళ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. సముద్రం పోటెక్కి వచ్చేస్తుంటే పక్కింటి జాలరి గోల్వెన్ వీపున మోసుకొచ్చాడు. వేసవికి వచ్చి పోయేవాళ్ళమని మనల్ని ఇన్నేళ్ళూ ‘వేసవి వాళ్ళు’ అంటూ దూరంగా ఉంచినవాడే.

అతని భార్య సోజిగ్ రోజూ చేపల పులుసు తెస్తోంది. నిన్న, “మీరూ తలుపులేసుకుని పోతే వీధంతా చీకటే వదినా, ఈసారికి ఉండిపోరాదూ?” అంది. నేను నోరు తెరిచేలోపే నాన్నగారు “ఉంటాం” అన్నారు. కాలునొప్పి వల్ల అనుకున్నాను. ఆ పిలుపుకి వెలిగిపోయిన ఆయన మొహం చూస్తే అది కాదు.

మా ఉన్నికోట్లు పారిస్ నుంచి పంపు. బాబుకి దగ్గు తగ్గిందా? క్రిస్మస్‌కి మీరే రండి. సోజిగ్ అప్పుడే మీ మంచాలు ఎక్కడ వెయ్యాలో చూస్తోంది.

అందరికీ మా దీవెనలు,
అమ్మ