ఫారంలో ఐదో గడి

బట్టలు మిషన్లో తిరుగుతున్నాయి. మీరు లేచేసరికి ఆగుతుంది, మిద్దె మీద ఆరేయండి. అన్నం, పప్పు మూతపెట్టి ఉన్నాయి.

టీవీ మీద ఫారం పెట్టాను. నర్సుల పిల్లలను ఇంట్లో చూసుకునే ఆడవాళ్ల పేర్లు ఆసుపత్రి ఆఫీసులో రాసుకుంటున్నారు. భర్త సంతకం, ఈ దేశంలో ఉండటానికిచ్చిన ఇఖామా కార్డు నకలు కావాలి. ఈ రోజే ఆఖరు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత పక్కింటి ఇస్సాక్ అన్న వచ్చి తీసుకెళ్తాడు. "మీ ఆయన సంతకం పెట్టేలోపు ఆ పిల్లోళ్లకు మీసాలొస్తాయిలే" అని మదార్బీ అక్క నవ్వింది.

ముందు ఐదో గడి చూడండి. ఇంట్లో సొంత పిల్లలెందరని అడిగితే ఒకరు అని రాశాను. ఇవాళ్టికి అది నిజం కాదు. ఇక్కడ యుద్ధం వస్తుందన్న భయంతో మన మౌలాలిని ఊరికి పంపాం. యుద్ధం ఆగి రెండేళ్లయింది. మీరు సంతకం పెడితే వాణ్ణి పిలిపిస్తారని అర్థం చేసుకుంటాను. పెట్టకపోతే ఏమీ అడగను.

నైట్ డ్యూటీ చేసి పడుకున్నారని లేపలేదు. మదార్బీ అక్క మనవరాలికి నీళ్లు పోయడానికి వెళ్తున్నాను.

జైనాబీ

మౌలాలి ఏడుస్తూ వెళ్లాడని అప్పుడు మీరు డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. ఏడవలేదు. చెప్పులు తానే వేసుకుని, మక్కాకు ఉమ్రా కోసం వచ్చి తిరిగెళ్తున్న వాళ్లత్త చేయి పట్టుకుని గడప దాటాడు.