బాకా ఊదిన తర్వాత

మార్జరీ అక్కకు,

మా కంపెనీ నాటకకర్త కొత్త నాటకంలో నాకు పెద్ద వేషం రాశాడు. ఆట మొదలని బాకా ఊదింది మొదలు రెండు గంటలు నేను వేదిక దిగడానికే లేదు. అతను నాటకశాలలో వాటాదారు కూడా, కాదనలేను. తను మాత్రం మొదట్లోనే చచ్చిపోయే ముసలి రాజు వేషం వేస్తున్నాడు.

“తర్వాత ఎక్కడుంటావు?” అన్నాను.

“చచ్చినవాడితో నీకేం పనయ్యా!” అని నవ్వాడు.

ఇంటికెళ్లగానే నీ మరదలు ఉర్సులా, “రెండు గంటల వేషమటగా, వదులుకోకండి!” అంది. నేనింకా చెప్పనేలేదు.

రేపు మధ్యాహ్నం థేమ్స్ ఒడ్డున బాకా వినపడ్డాక కాసేపాగి, నిప్పు కోసం వచ్చినట్టు మా ఇంటికి వెళ్లు. ఏం చూసినా దాచకుండా రాయి.

ఆలస్యం చేయకు. వచ్చే నాటకంలో నా వేషం ఇంకా పెద్దదట. అదీ ఉర్సులాయే చెప్పింది.

నీ తమ్ముడు