చర్చి బెంచీ

శ్రీనూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది.

మనం బస్సు వచ్చేదాకా తలదాచుకునే ఆ చిన్న ప్రెస్బిటీరియన్ చర్చిని రూములుగా మారుస్తున్నారు. కెనడాకొచ్చి ఈ కిచెనర్ ఊళ్లో చదివే మనలాంటి స్టూడెంట్లకు రూములు చాలడం లేదట.

వందేళ్ల కిందట పెద్ద చర్చి వేరే చర్చిలతో కలిసిపోతుంటే, ఒప్పుకోని కొన్ని కుటుంబాలు బయటికొచ్చి దీన్ని కట్టుకున్నాయని, వస్తూ వస్తూ ఒక్క బెంచీని భుజాన మోసుకొచ్చాయని అక్కడి పెద్దాయన చెప్పేవారు. నువ్వెప్పుడూ దాని మీదే కూర్చునేవాడివి.

నిన్న ఆ బెంచీ ఫుట్‌పాత్ మీద కనిపించింది. "ఫ్రీ" అని కాగితం అంటించారు. రూమ్‌మేట్లం నలుగురం భుజాలకెత్తుకుని ఇంటికి నడిచాం. సగం దారిలో కిరణ్, "భుజం మార్చుకోండ్రా" అన్నాడు. మార్చుకుని మళ్లీ నడిచాం.

నిన్ను అప్పుడు పెట్టెలో పెట్టి ఇండియా విమానం ఎక్కించారు. మా భుజాల దాకా రానివ్వలేదు.