తూర్పు గాలి

మే నెల, మంగళవారం రాత్రి

సాయంత్రం ఈదురుగాలికి ముసునూరులో మా మామిడి తోటలో కాయ చాలా రాలింది. రాలిందంతా చెట్లకు పడమటి వైపే పడి ఉంది. "ఎప్పుడూ పడమర నుంచి కొట్టే గాలి, ఈసారి తూర్పు నుంచి వచ్చిందేంటమ్మా!" అన్నారు నాన్న. నేను కాయల సంగతి మర్చిపోయాను.

హనుమాన్ జంక్షన్ దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నేను డిజైన్ చేసిన స్టీల్ ట్యాంకు గుర్తొచ్చింది. గుండ్రటి ట్యాంకును గాలి ఎదురుగా నొక్కుతుంది, పక్కల్లో లాగుతుంది. కోణాన్ని బట్టి మారే ఆ ఒత్తిడిని సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గానే ఇచ్చాను. కానీ పడమటి గాలికి ఒక్కదానికే లెక్క చూశాను. తోటలో పెరిగినదాన్ని, గాలికి ఇంకో దిక్కు ఉంటుందని నాకు తోచనే లేదు. తెలివితక్కువదాన్ని. ట్యాంకులోకి దిగే తలుపేమో తూర్పు వైపుంది; దాని కోసం రేకు కోసిన చోటే బలం తక్కువ.

ఇంటికి రాగానే గాలిని తూర్పుకు తిప్పి లెక్క మళ్లీ రన్ చేశాను. తలుపు చుట్టూ రేకు తట్టుకోలేదని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తోంది, అదీ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు. రేపు పొద్దున్నే ఆ ఖాళీ ట్యాంకులోకి పెయింటర్లు దిగుతారు.

వాళ్లను ఆపమని ఫ్యాక్టరీ ఓనరు గారికి ఫోన్ చేశాను. "ఇవాళ్టి గాలికే కదల్లేదు కదండీ, మళ్లీ అటునుంచి ఎందుకొస్తుంది?" అన్నారాయన.

నేనూ సరిగ్గా అలా అనుకునే ఆ ట్యాంకు గీశాను.